బెర్జీలియస్ జీవితము: ఓడిన సిద్ధాంతము, నిలిచిన సత్యము

నీటిని హెచ్2ఓ అని వ్రాయని రసాయన శాస్త్ర విద్యార్థి నేడు లోకమున లేడు. గణితమునకు అంకెలెట్టివో రసాయన శాస్త్రమునకు ఈ అక్షర సంకేతములట్టివి. కాని వీనిని కల్పించిన మహనీయుని పేరు పాఠశాల గడప దాటిన పిమ్మట జ్ఞాపకముంచుకొనువారు అరుదు. ఆయన స్వీడను దేశీయుడగు యాన్స్ జాకబ్ బెర్జీలియస్. సంకేతములను కల్పించుట ఆయన చేసిన కార్యములలో చిన్నది. రెండు పరమాణువులు ఒకదానినొకటి ఏల పట్టుకొనును, ఆ పట్టు ఒకచోట గట్టిగను మరియొకచోట సడలియు ఏల యుండును అను ప్రశ్నకు విద్యుత్తునందు సమాధానము వెదకినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆ సమాధానము సుమారు ముప్పది సంవత్సరములు ఐరోపా ఖండమందలి పండితలోకమును ఏలినది. పిదప ఆయన కన్నుల యెదుటనే కూలినది. ఆయన గతించిన ఎనుబదినాలుగేండ్లకు రూపము మార్చుకొని మరల లేచినది.

బెర్జీలియస్ 1779 వ సంవత్సరము ఆగస్టు 20 వ తేదీన స్వీడను దక్షిణ భాగమున, ఓస్టర్‌గోట్‌లండ్ సీమయందలి వేవర్సుండ అను పల్లెలో జన్మించెను. తండ్రి లిన్‌షోపింగ్ పట్టణమున ఉపాధ్యాయుడు. కుమారునికి నాలుగేండ్ల ప్రాయముననే ఆయన మరణించెను. తల్లి ఎక్‌మార్క్ అను మతాచార్యుని పునర్వివాహమాడెను. మరి కొలది యేండ్లకు ఆమెయు కన్నుమూసెను. మారుతండ్రి సహృదయుడే, కాని కాలక్రమమున బాలుడు ఆ యిల్లు విడిచి మేనమామ యింట చేరవలసివచ్చెను. అచ్చట ఆదరణ కొరవడినది. తలిదండ్రులు లేని బిడ్డకు పరుల పంచన ఎట్టి బ్రదుకు లభించునో మన దేశమున ఎవరికిని వివరించి చెప్పనక్కరలేదు. విద్యార్థి దశలోనే ఆయన ఒక రైతు ఇంట పిల్లలకు చదువు చెప్పి తన చదువునకు కావలసిన ధనము కూర్చుకొనెను. పువ్వులను, పురుగులను ప్రోగుచేసి పరిశీలించుట నాడు ఆయనకు గల ఏకైక వినోదము.

1796 లో ఆయన ఉప్సల విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా చేరెను. ధనాభావముచే చదువు నడుమ ఆగినది, మరల సాగినది. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో లభించిన అవకాశము చాలక, తాను నివసించు అద్దె గదిలోనే గాజు సీసాలు, బుడ్లు పెట్టుకొని ప్రయోగములు గావించెను. ఇంతలో 1800 వ సంవత్సరమున ఇటలీ దేశీయుడగు వోల్టా ఒక అద్భుతమును లోకమునకు చూపెను. రెండు వేరువేరు లోహముల బిళ్ళలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన ముక్కలనుంచినచో ఎడతెగని విద్యుత్ప్రవాహము పుట్టునని ఆయన కనుగొనెను. బెర్జీలియస్ తానును అట్టి విద్యుత్ స్తంభమును నిర్మించి, ఆ ప్రవాహము రోగులకు మేలు చేయునేమో యని పరీక్షించి, 1802 లో పట్టమునకై ఆ విషయముననే వ్యాసము సమర్పించెను. రోగులకు చెప్పుకొనదగిన మేలు కలుగలేదు. కాని వైద్యుడు కాబోయిన యువకుని మనస్సు ఆ స్తంభమునకే కట్టుపడిపోయినది.

పట్టము పొందిన పిదప ఆయన స్టాక్‌హోమ్ నగరమందలి శస్త్రవైద్య పాఠశాలలో జీతములేని సహాయకుడుగా చేరెను. కొంతకాలము పేదల వైద్యుడుగను పనిచేసెను. కృత్రిమముగా ఖనిజజలములను తయారుచేయు వ్యాపారమున పాలుపంచుకొని అప్పులపాలయ్యెను. ఈ కష్టకాలమున ఆయనకు తన యింట చోటిచ్చినవాడు హిసింజర్ అను గనుల యజమాని. ఇరువురును కలిసి 1803 లో లవణముల ద్రావణములలోనికి విద్యుత్తును పంపి చూచిరి. లవణములన్నియు రెండుగా చీలినవి. ఆమ్లజని, అనగా ఆక్సిజనుయు, ఆమ్లములును ధన ధ్రువమును చేరినవి. ఉదజని, అనగా హైడ్రోజనుయు, క్షారములును, లోహములును ఋణ ధ్రువమును చేరినవి. పదార్థములను విడదీయునది విద్యుత్తే యైనచో, వానిని కలిపి యుంచినదియు విద్యుత్తే యై యుండవలెనను తలంపు ఆ యువకుని మదిలో మొలకెత్తెను. ఇంగ్లండున హంఫ్రీ డేవీ కూడ కొలది యేండ్లలో ఇట్టి భావమునకే వచ్చెను. కాని దానిని సమస్త పదార్థములకును వర్తించు శాస్త్రముగా విస్తరింపజేసినవాడు బెర్జీలియస్.

1807 లో ఆయనకు స్టాక్‌హోమ్‌లోనే ఆచార్య పదవి లభించినది. అప్పుడే ఇంగ్లండున డాల్టన్ పరమాణు సిద్ధాంతమును ప్రకటించుచుండెను. ప్రతి మూలకమునకును ప్రత్యేకమైన పరమాణువులు కలవనియు, అవి నియతమైన పాళ్ళలో కలియుననియు డాల్టన్ చెప్పెను. కాని ఆ పాళ్ళను ఖచ్చితముగా తూచి చూపువాడు లేడు. బెర్జీలియస్ ఆ భారమును తనపై వేసికొనెను. శుద్ధమైన రసాయనములు దొరకని కాలమది. కావలసినవానిలో పెక్కింటిని ఆయన తానే తయారుచేసికొనెను. పరికరములు కొన్ని తానే కల్పించుకొనెను. గాజు నూదుట నేర్చుకొనెను. పది సంవత్సరములు సుమారు 2000 పదార్థముల కూర్పును నిర్ణయించుటలో గడచినవి. 1818 లో ఆయన ప్రకటించిన పట్టికయందు నాడు తెలిసిన మూలకములలో 45 టికి పరమాణు భారములు కలవు. 1826 నాటి సవరించిన పట్టికలో క్లోరినుకు ఆయన చూపిన విలువను నేటి లెక్కకు మార్చినచో 35.41 అగును. నేడు అంగీకరింపబడిన విలువ 35.45. ఇంతటి సూక్ష్మత సాధారణమైన త్రాసుతో సాధించినది.

ఆ ప్రయోగశాలను చూడవచ్చిన జర్మను యువకుడు వోలర్ మొదట నివ్వెరపోయెను. నివాసపు గదుల ప్రక్కన రెండు సామాన్యమైన గదులు. రెండు మూడు బల్లలు. గొప్ప కొలుములేవియు లేవు. ప్రక్కనున్న వంటయింటిలోనే ఇసుకపాత్ర వేడెక్కుచుండెడిది. ఆ వంటయింటి అధికారిణి అన్నా సుండ్‌స్ట్రోమ్. ఆమె వంట చేయుటయే గాక పాత్రలు కడిగి, పరికరములు సవరించి, ప్రయోగములకు తోడ్పడుచుండెను. నేడు స్వీడను చరిత్రకారులు ఆమెను ఆ దేశపు తొలి మహిళా రసాయనజ్ఞురాలుగా స్మరించుచున్నారు.

ఇట్టి తూనికల నడుమనే బెర్జీలియస్ సిద్ధాంతము రూపుదిద్దుకొన్నది. 1811 మొదలుకొని వ్రాసిన వ్యాసములందును, 1819 లో పారిస్‌లో ఫ్రెంచి భాషలో వెలువడిన గ్రంథమందును ఆయన దానిని వివరించెను. ప్రతి పరమాణువునకును రెండు విద్యుత్ ధ్రువములు కలవు. వానిలో ఒకటి బలీయము. ఋణ విద్యుత్తు బలీయమైన మూలకములు ఋణవిద్యుదాత్మకములు. ధన విద్యుత్తు బలీయమైనవి ధనవిద్యుదాత్మకములు. ఆయన మూలకములనన్నింటిని ఒక వరుసలో నిలిపెను. ఒక కొనయందు ఆమ్లజని. రెండవ కొనయందు పొటాసియము. ఉదజని ఇంచుమించు నడుమ. వరుసలో ఎంత దూరమున నున్న మూలకములు కలిసిన వాని బంధమంత గట్టిది. ఈ గుణము సాపేక్షమనియు ఆయన గుర్తించెను. గంధకము లోహముల యెదుట ఋణాత్మకము, ఆమ్లజని యెదుట ధనాత్మకము. తండ్రి యెదుట కొడుకైనవాడే తన కొడుకు యెదుట తండ్రియగుట వంటిదే ఇది.

ఈ సిద్ధాంతము ఉప్పులకు, భస్మములకు, ఖనిజములకు చక్కగా సరిపోయెను. కాని దాని పునాదియందే ఒక లోపము దాగియుండెను. పరమాణువులను కలుపునది వ్యతిరేక విద్యుత్తుల ఆకర్షణమే యైనచో, ఒకే జాతి పరమాణువులు రెండు ఎట్లు కలియును? 1811 లో ఇటలీయందు అవగాడ్రో ఉదజని, ఆమ్లజని మున్నగు వాయువులలో పరమాణువులు జంటలుగా నుండునని ఊహించెను. ఆ ఊహ సరియైనది. బెర్జీలియస్ సిద్ధాంతమున దానికి చోటు లేదు. సమానుల నడుమ స్నేహము అసాధ్యమని ఆ సిద్ధాంతము తేల్చివేసినట్లయినది. అవగాడ్రో ఊహకు గౌరవము దక్కుటకు 1860 వరకు వేచియుండవలసివచ్చినది. ఆ జాప్యమునకు గల కారణములలో బెర్జీలియస్ ప్రతిష్ఠ యొకటి.

ఆ ప్రతిష్ఠ నాడు హిమవంతము వంటిది. 1818 నుండి జీవితాంతము ఆయన స్వీడను విజ్ఞాన పరిషత్తునకు కార్యదర్శి. ఐరోపాలో వెలువడిన రసాయన పరిశోధనలనన్నింటిని చదివి, తూచి, తీర్పు చెప్పుచు 1821 నుండి ఏటేట ఒక నివేదిక సమర్పించుచుండెను. ఆ నివేదికలో మెప్పు పొందినవాడు ధన్యుడు. తూలనాడబడినవాడు తల యెత్తుకొనలేడు. 1817 లో సెలీనియమును కనుగొనెను. 1824 లో సిలికానును వేరుచేసెను. నార్వే దేశమునుండి వచ్చిన ఒక నల్లని ఖనిజమునందు థోరియమును గుర్తించి 1829 లో ప్రకటించెను. హిసింజరుతో కలిసి 1803 లో కనుగొన్న సీరియమును, ఈ థోరియమును మోనజైటు అను ఇసుక ఖనిజమున కూడియుండును. ఆ ఇసుక కేరళ తీరమందును, మన ఆంధ్ర తీరమందును కలదు. భారత అణుశక్తి ప్రణాళికలో థోరియమునకు గల స్థానము సుప్రసిద్ధమే. ఉత్ప్రేరణము, పాలిమరు మున్నగు శాస్త్ర పదములకు ఆయన పెట్టిన పేర్లే మూలము. 1835 లో, ఏబదియారవ యేట, ఆయన ఎలిజబెత్ పాపియస్ అను యువతిని వివాహమాడెను. ఆ సందర్భమున స్వీడను రాజు ఆయనకు బారను బిరుదమిచ్చి గౌరవించెను.

ఆ వైభవమును కదిలించినది క్లోరిను. ఆ వాయువుతో ఆయనకు మునుపే ఒక తగవు కలదు. 1810 లో డేవీ క్లోరిను ఒక మూలకమని చెప్పినప్పుడు బెర్జీలియస్ ఒప్పుకొనలేదు. అది ఆమ్లజనితో కూడిన పదార్థమనియే సుమారు పది సంవత్సరములు వాదించెను. సాక్ష్యము బలపడిన పిమ్మట తగ్గెను. ఒకనాడు అన్నా పాత్ర కడుగుచు, ఆక్సీకృత మ్యూరియాటిక్ ఆమ్లపు వాసన వచ్చుచున్నదని పాత పేరుతో పలుకగా, ఇకమీదట దానిని క్లోరిను అనియే పిలువవలెనని ఆయనయే ఆమెను సవరించెనట. వోలర్ ఆ దృశ్యమును చూచి ఆనందించెను. తప్పును దిద్దుకొనుటకు వంటయింటిలో కూడ వెనుదీయని తేజస్సు నాడాయనయందుండెను.

రెండవ తగవు పారిస్‌లో పుట్టినది. రాజభవనమున ఒక విందు రేయి మైనపు వత్తులు ఘాటైన పొగలు వెడలగ్రక్కి అతిథులను ఉక్కిరిబిక్కిరి చేసినవనియు, కారణము కనుగొనుటకు రసాయనజ్ఞుడగు డ్యూమా పిలువబడెననియు ఒక ప్రసిద్ధమైన కథ. ఆ మైనమును తెల్లబరచుటకు క్లోరిను వాడిరి. మైనమునందలి ఉదజని కొంత తొలగిపోయి, దాని స్థానమున క్లోరిను కూర్చుండినది. లోరాన్ అను యువ శాస్త్రజ్ఞుడు ఇట్టి మార్పులను పరిశీలించి, ఉదజని స్థానమును క్లోరిను ఆక్రమించినను పదార్థపు మౌలిక స్వభావము మారదని సాహసించి చెప్పెను. 1839 లో డ్యూమా మరింత స్పష్టమైన సాక్ష్యము తెచ్చెను. పులిసిన కాడికి పులుపునిచ్చు ఎసిటిక్ ఆమ్లమునందు మూడు ఉదజని పరమాణువులను తొలగించి మూడు క్లోరిను పరమాణువులను నిలిపెను. ఆ పదార్థమును ఆమ్లమే. ఎసిటిక్ ఆమ్లము జరుపు రసాయన చర్యలనే అదియు జరిపినది.

బెర్జీలియస్ సిద్ధాంతమునకు ఇది గొడ్డలిపెట్టు. ధనాత్మకమైన ఉదజని స్థానమున తీవ్రముగ ఋణాత్మకమైన క్లోరిను వచ్చినచో నిర్మాణమంతయు తలక్రిందులు కావలెను. రాముని వేషము దాల్చినవాడు లేచిపోగా రావణ వేషధారి వచ్చి ఆ పీఠమున కూర్చుండినను, నాటకము ఎప్పటివలెనే సాగినట్లయినది. బెర్జీలియస్ అంగీకరింపలేదు. నివేదికలలో లోరానును, డ్యూమాను తీవ్రముగ ఖండించెను. పదార్థములకు చిత్రవిచిత్రమైన సూత్రములు కల్పించి, తన ద్వంద్వ సిద్ధాంతమును నిలబెట్టజూచెను. ఆయన శిష్యుడు వోలర్ 1840 లో మారుపేరుతో ఒక హాస్యవ్యాసము వ్రాసెను. ఒక లవణమున సమస్త పరమాణువులను క్లోరినుతో మార్చినను అది అట్లే యున్నదనియు, లండను అంగళ్ళలో క్లోరినుతో నేసిన వస్త్రములు అమ్ముచున్నారనియు అందుండెను. నవ్వుల వలన సాక్ష్యము చెరగిపోదు గదా. 1842 లో డ్యూమా శిష్యుడగు మెల్సెన్స్ ఆ క్లోరిను ఆమ్లమును మరల మామూలు ఎసిటిక్ ఆమ్లముగ మార్చి చూపెను. వృద్ధుడు కొంత సడలెను, పూర్తిగా లొంగలేదు. పూర్వము క్లోరినుకు పేరు సవరించిన ఆ లాఘవము ఇప్పుడు లేకపోయినది. మునుపటి వాదమున ఆయన కోల్పోయినది ఒక అభిప్రాయము. ఇప్పుడు కోల్పోవలసినది ఒక జీవితకాలపు కృషి.

చాలకాలము వ్యాధిపీడితుడై, 1848 ఆగస్టు 7 వ తేదీన బెర్జీలియస్ స్టాక్‌హోమ్‌లో మరణించెను. దేశము ఆయనను మరువలేదు; పదేండ్లకు నగరము నడుమ ఒక ఉద్యానవనమున ఆయన విగ్రహమును నిలిపిరి. కాని యువ శాస్త్రజ్ఞులు ఆయన బంధ సిద్ధాంతమును గతించిన కాలపు వస్తువుగా ఎంచి ముందునకు సాగిరి.

1897 లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రాను కనుగొనుటతో విద్యుత్తునకు మరల రసాయన శాస్త్రమున ప్రవేశము లభించినది. 1916 లో అమెరికా దేశీయుడగు లూయిస్, రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాను జంటను ఉమ్మడిగా అనుభవించుట వలన బంధము కలుగునని చెప్పెను. బెర్జీలియస్ ఎరుగనిది ఈ ఉమ్మడితనమే. ఇచ్చుట, పుచ్చుకొనుట అను రెండింటినే ఆయన చూచెను, పంచుకొనుటను చూడలేదు. సమానమైన రెండు క్లోరిను పరమాణువులు, సమానమైన రెండు ఉదజని పరమాణువులు జంటను సరిపాళ్ళలో పంచుకొని సుఖముగ నుండగలవు.

కాని ఉమ్మడి ఆస్తి యెల్లప్పుడును సరిపాళ్ళలో ఉండునా? 1932 లో అమెరికాయందే లైనస్ పౌలింగ్ ఈ ప్రశ్నకు సంఖ్యలతో సమాధానమిచ్చెను. ఒక మోలు ఉదజని బంధములను త్రెంచుటకు సుమారు 436 కిలోజౌళ్ళ శక్తి కావలెను. క్లోరిను బంధములకు 242. వీని సగటు 339. ఉదజనియు క్లోరినును కలిసిన బంధమునకు కావలసినది 431. సగటు కంటె ఎక్కువైన ఈ 92 కిలోజౌళ్ళు ఎక్కడివి? క్లోరిను ఎలక్ట్రానులను తనవైపునకు ఎక్కువగ లాగుకొనుటచే ఒక కొన కొంచెము ఋణాత్మకమును, మరియొక కొన కొంచెము ధనాత్మకమును అగును. ఆ ఆకర్షణ బంధమునకు అదనపు బలమిచ్చును. ఈ లాగుడు బలమునకే పౌలింగ్ ఋణవిద్యుదాత్మకత యను పాత పేరును నిలిపి, ప్రతి మూలకమునకును ఒక అంకెను నిర్ణయించెను. సవరించిన నేటి పట్టికలో ఫ్లోరిను 3.98, ఆమ్లజని 3.44, క్లోరిను 3.16, కర్బనము 2.55, ఉదజని 2.20, సోడియము 0.93, పొటాసియము 0.82. బెర్జీలియస్ మరణించిన ముప్పదియెనిమిదేండ్లకు గాని ఫ్లోరిను వేరుచేయబడలేదు. దానిని మినహాయించినచో ఆయన తన వరుసకు రెండు కొనలయందు నిలిపిన ఆమ్లజని, పొటాసియములు ఇంచుమించు అచ్చటనే యున్నవి.

సోడియము, క్లోరినుల అంకెల భేదము 2.23, కావున వంట ఉప్పునందు ఎలక్ట్రాను దాదాపు పూర్తిగా క్లోరిను వశమగును. ఇది బెర్జీలియస్ చూచిన ప్రపంచము. క్లోరిను జంటలో భేదము సున్న. ఇది ఆయన త్రోసిపుచ్చిన ప్రపంచము. నీటియందు ఆమ్లజనికిని ఉదజనికిని భేదము 1.24, అది ఈ రెండింటి నడుమ నున్నది. పంపకమున్నది, కాని సరిపాళ్ళు లేవు. నీటి అణువు వంపు తిరిగియుండుటచే దాని కొనలు విద్యుదావేశముతో నుండి ఉప్పును కరిగించుకొనగలుగుచున్నవి.

అన్నిటికంటె వింత యైనది డ్యూమా తయారుచేసిన ఆమ్లపు సంగతి. ఆ పదార్థము స్వభావమున ఎసిటిక్ ఆమ్లము వంటిదేయని డ్యూమా చెప్పినది సత్యము. కాని బలమును కొలిచినచో అది సుమారు పదివేల రెట్లు తీవ్రమైన ఆమ్లము. మూడు క్లోరిను పరమాణువులు కర్బనము ద్వారమున ఎలక్ట్రానులను తమవైపునకు లాగుటచే, ఆమ్లపు కొననున్న ఉదజని సడలి సులభముగ విడివడును. మూలకముల విద్యుత్ స్వభావమునకు అర్థము లేదని ఏ పదార్థమును సాక్షిగా నిలిపిరో, అదే పదార్థము నేటి పాఠ్యగ్రంథములలో ఆ స్వభావమునకు ప్రథమోదాహరణమై యున్నది. ఆ వాదమున ఇరువురును సగము గెలిచిరి. నిర్మాణము నిలుచునన్న డ్యూమా మాట నిజము. క్లోరిను వచ్చినచో మార్పు రాక తప్పదన్న బెర్జీలియస్ పట్టుదలయు నిజము. అది తెలియుటకు వారి కాలమున బలమును కొలుచు మార్గమొకటి కరవయ్యెను.

బెర్జీలియస్ సమాధి స్టాక్‌హోమ్ చెంతనున్న సోల్నా శ్మశానవాటికలో కలదు. అనాథ బాలుడుగ బ్రదుకు నారంభించి, వంటయింటి ప్రక్క గదిలో లోకమునకు కావలసిన తూనికలు తూచిన ఆ మహాపురుషుని జీవితము ఒక పాఠము నేర్పుచున్నది. కష్టపడి కనుగొన్నది పూర్తి సత్యమని భ్రమించుట పెద్దవారికి సైతము సులభము. ఓడిన వాదమున గల సత్యాంశమును పారవేయుట గెలిచినవారికి అంతకంటె సులభము. ఆయన వరుస పెట్టిన మూలకములు ఆ తగవు తీరువరకు నూరేండ్లు నిరీక్షించి, నేడు ప్రతి విద్యార్థి పుస్తకమున తమ తమ అంకెలతో నిలిచియున్నవి.